మన కాలనీలో అపార్ట్‌మెంట్ కడతారట: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు కొనుక్కుని సొంతిళ్లు కట్టుకున్న కాలనీల్లో ఇప్పుడు ఎక్కడ విన్నా ఒకటే మాట: ‘ఆ మూల నాలుగిళ్లు ఎవరో బిల్డర్ తీసుకున్నాడట.’ అలాంటి కాలనీల సంక్షేమ సంఘాల వాళ్లు, ఇళ్ల యజమానులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఇక్కడి రూల్స్ ప్రధానంగా తెలంగాణవి. కేసు దాకా వెళ్తే లాయర్‌ని కలవక తప్పదు. ఈ పేజీ అంతకుముందు మనం చేసుకోవాల్సిన పని కోసం.

సూటిగా చెప్పండి. ఆపగలమా?

పూర్తిగా ఆపడం అరుదు. ఎత్తు తగ్గించడం, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిగ్గా వదిలేలా చూడటం, పార్కు స్థలం కాపాడుకోవడం, కొత్త డ్రైనేజీ లైన్ బిల్డర్ ఖర్చుతో వేయించడం మాత్రం సాధ్యమే. ‘అపార్ట్‌మెంట్ వద్దు’ అని బ్యానర్ కట్టిన కాలనీ కన్నా, ‘ఈ రోడ్డు మీద ఇన్ని అంతస్తులకు రూల్ ఒప్పుకోదు’ అని టేపుతో కొలిచి రాసిచ్చిన కాలనీకే ఎక్కువ దక్కుతుంది. కింద చెప్పేదంతా దాదాపు ఆ టేపు గురించే.

మాది ఇండిపెండెంట్ ఇళ్ల కాలనీ. ఇక్కడ అపార్ట్‌మెంట్ కట్టకూడదనే రూల్ లేదా?

చాలా చోట్ల లేదు. మాస్టర్ ప్లాన్‌లో మీ ప్రాంతం నివాస జోన్ అని ఉంటే, అందులో ఇల్లూ అపార్ట్‌మెంటూ రెండూ వస్తాయి. పైగా చాలా నగరాల్లో ఉన్నట్టు స్థలాన్ని బట్టి ఇంత బిల్టప్ ఏరియా మాత్రమే కట్టాలనే ఎఫ్ఎస్ఐ పరిమితి హైదరాబాద్‌లో లేదు. 2006లో జీవో 86తో అది పోయింది. అప్పటినుంచి ఎత్తును తేల్చేవి ప్లాటు సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ.

కొందరు చండీగఢ్ తీర్పు చూపిస్తారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు అక్కడి మొదటి దశ సెక్టార్లలో ఇళ్లను అంతస్తులవారీగా అపార్ట్‌మెంట్లుగా మార్చడానికి వీల్లేదంది. నిజమే. కానీ దానికి ఆధారం ఆ నగరానికే ఉన్న ప్రత్యేక ప్లాను, వారసత్వ హోదా. మన కాలనీకి అవి లేవు. ఆ తీర్పును అర్జీలో జతచేస్తే బలం రాదు, పేజీలు పెరుగుతాయంతే.

ఒక్క పని చేయండి. హౌసింగ్ సొసైటీ వేసిన పాత లేఅవుట్ అయితే మీ మొదటి సేల్ డీడ్ తీసి చదవండి. ‘ఒక ప్లాటులో ఒకే నివాసం’ లాంటి షరతు కొన్నిటిలో ఉంటుంది. ఉంటే అది లాయర్‌కు చూపించాల్సిన కాగితం.

మరి ఎంత రోడ్డుకు ఎంత ఎత్తు?

ఆధారం 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నియమాల జీవో 168. దానికి తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి అర్జీ రాసే ముందు తాజా ప్రతి చూసుకోండి. ఆ జీవోలో 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నది హైరైజ్. దానికి స్థలం కనీసం 2,000 చదరపు మీటర్లు ఉండాలి, అంటే సుమారు 2,390 గజాలు. ఐదు 300 గజాల ప్లాట్లు కలిపినా 1,500 గజాలే. అక్కడ పదంతస్తుల టవర్ వస్తుందని వాట్సాప్‌లో ఎవరైనా భయపెడితే ముందు ఈ లెక్క చెప్పండి. సగం టెన్షన్ తగ్గుతుంది.

స్థలం సరిపోయినా రోడ్డు సరిపోవాలి. 24 మీటర్ల ఎత్తు దాకా 12 మీటర్ల రోడ్డు, అంటే మన లెక్కలో 40 ఫీట్ల రోడ్డు. 30 మీటర్ల ఎత్తు దాకా 18 మీటర్ల రోడ్డు, 45 మీటర్ల దాకా 24 మీటర్లు, ఆపైన 30 మీటర్లు, అంటే 100 ఫీట్లు. చుట్టూ వదిలే ఖాళీ కూడా ఎత్తుతో పెరుగుతుంది. 21 మీటర్ల భవనానికి నాలుగు వైపులా 7 మీటర్లు, 30 మీటర్లకు 10 మీటర్లు.

18 మీటర్లలోపు మామూలు అపార్ట్‌మెంటుకు సాధారణంగా 9 మీటర్ల రోడ్డు, అంటే 30 ఫీట్లు ఉంటే చాలు. కాలనీల్లో అసలు తగువంతా ఇక్కడే. స్టిల్ట్ ప్లస్ ఫైవ్, అంటే కింద పార్కింగు, పైన ఐదంతస్తులు కట్టే బిల్డర్ తన రోడ్డు 30 ఫీట్లంటాడు. మీ వీధిలో నడిచి చూస్తే కొన్నిచోట్ల 25 కూడా ఉండదు.

రోడ్డు ఎలా కొలవాలి?

ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, ఎదురెదురు ప్రహరీ గోడల మధ్య, ప్రతి ఇంటి దగ్గరా కొలవండి. 30 మీటర్ల టేపు చాలు. టేపు కనిపించేలా, తేదీతో ఫోటో తీయండి. బిల్డర్ స్థలం ముందు మాత్రమే కొలిచి ఊరుకోవద్దు. అక్కడ అతను తన గోడ వెనక్కి జరిపి రోడ్డుకు వదిలేస్తాడు, 40 ఫీట్లు కనిపిస్తుంది. మెయిన్ రోడ్డు నుంచి అక్కడిదాకా వచ్చే దారి 25 ఫీట్లే ఉందన్నది మన పాయింట్. ఫైరింజన్ వచ్చేది కూడా ఆ దారినే కదా.

తర్వాత లేఅవుట్ కాపీ తెచ్చి పోల్చండి. లేఅవుట్‌లో 30 అని ఉండి నేలమీద 25 ఉంటే, ఆ ఐదు ఫీట్లు ఎక్కడికి పోయాయి? చాలాసార్లు మన ఇళ్ల ర్యాంపుల కిందకీ మెట్ల కిందకీ, గోడ బయట పెంచుకున్న మందార మొక్కల కిందకీ. బిల్డర్ మీద కంప్లయింట్ ఇచ్చిన వారానికే టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి మన ర్యాంపులకు మార్కింగ్ వేసి వెళ్లిన కాలనీలున్నాయి. ముందు మన ముంగిళ్లు సర్దుకుని కొలవడం మంచిది.

పర్మిషన్ ఇచ్చే ముందు పక్కవాళ్లను అడగరా?

అడగరు. మామూలు భవన అనుమతికి ఇరుగుపొరుగుకు నోటీసు ఇచ్చి అభ్యంతరాలు పిలిచే పద్ధతి మన దగ్గర లేదు. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీజీ బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్లాటైనా, 10 మీటర్లు దాటిన ఎత్తైనా సింగిల్ విండోలో 21 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఇప్పుడు బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ కూడా వచ్చింది. ‘భూమిపూజ అయ్యాక చూద్దాంలే’ అనుకునే కాలనీకి అప్పటికే ఆలస్యమైపోతుంది. ఇళ్లు కూలగొట్టడం మొదలైన రోజునే టౌన్ ప్లానింగ్ విభాగానికి లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

భూ వినియోగ మార్పు అయితే వేరు. మాస్టర్ ప్లాన్‌లో పార్కు, వ్యవసాయం, పరిశ్రమ అని ఉన్నదాన్ని నివాస జోన్‌గా మార్చాలంటే బహిరంగ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి. గడువు ఆ ప్రకటనలోనే ఉంటుంది. అవి పేపర్లో చిన్న అక్షరాలతో ఒక మూలన వస్తాయి. కాలనీలో రోజూ పేపర్ మొత్తం చదివే రిటైర్డ్ పెద్దాయన ఒకరుంటారు, ఆయనకు ఈ పని అప్పజెప్పండి.

ప్లాన్ కాపీ మాకు ఇస్తారా?

మూడు దారులున్నాయి. మొదటిది రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా సంస్థ వెబ్‌సైట్. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా ప్రాజెక్టు రెరాలో రిజిస్టర్ కావాలి. అక్కడ అనుమతి పత్రాలు ఎవరైనా చూడొచ్చు. రెండోది సైటు. నిర్మాణం జరుగుతున్నంత కాలం మంజూరైన ప్లాన్ సైటు దగ్గర కనిపించేలా పెట్టాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బోర్డు లేకపోతే అదే మీ మొదటి ఫిర్యాదు. మూడోది సమాచార హక్కు చట్టం. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ‘థర్డ్ పార్టీ సమాచారం’ అంటూ తిప్పి పంపితే మొదటి అప్పీలు వేయండి. అక్కడ తరచూ పని అవుతుంది.

ఒకే అర్జీలో అన్నీ అడగొద్దు. మంజూరు ప్లాను, సైట్ తనిఖీ నివేదిక, రోడ్డు వెడల్పు ఏ ఆధారంతో రాశారన్నది, ఈ మూడూ అడిగితే చాలు.

ప్లాన్ వచ్చింది. ఇందులో ఏం చూడాలి?

డ్రాయింగు చూసి కంగారు పడొద్దు. కాలనీలో సివిల్ ఇంజినీరో డిప్లొమా పిల్లవాడో ఒకరుంటారు. ముందున్న రోడ్డు ఎంతని రాశారు, స్థలం విస్తీర్ణం రిజిస్ట్రేషన్ కాగితాలతో సరిపోతోందా, పక్కన వెళ్లే నాలాను చూపించారా లేదా, స్టిల్ట్‌లో పార్కింగ్ తప్ప ఇంకేమైనా పెట్టారా... ఇవి చూడమనండి. రోడ్డు వెడల్పు తప్పుగా రాసి అనుమతి తెచ్చుకున్నారని తేలితే, జీహెచ్ఎంసీ చట్టం సెక్షన్ 450 కింద ఆ అనుమతిని కమిషనర్ రద్దు చేయొచ్చు. మీ లేఖలో ఆ సెక్షన్ నంబరు రాయండి. నంబరున్న లేఖను పక్కన పెట్టేయడం కష్టం.

శివారు మున్సిపాలిటీల హద్దులు ఈ మధ్య మారుతూ వచ్చాయి. మీ వీధి ఇప్పుడు ఎవరి కిందకు వస్తుందో, ఏ చట్టం వర్తిస్తుందో తెలుసుకున్నాకే లేఖ రాయండి.

లేఅవుట్‌లో పార్కు అని చూపిన స్థలంలోనే కడుతున్నారు.

అలాగైతే మీ కేసు బలంగా ఉంది. లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం అమ్ముకోవడానికి కాదు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తప్పుబట్టింది, దాన్ని ప్రశ్నించే హక్కు స్థానికులకు ఉందని కూడా చెప్పింది. లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, పాత శాటిలైట్ చిత్రాలు దగ్గర పెట్టుకోండి.

చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టకూడని ఖాళీ) చూడాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్. చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు చూడటానికి 2024 జులైలో ఏర్పడిన హైడ్రాకు ఇలాంటి ఫిర్యాదులు ఇవ్వొచ్చు. సర్వే నంబరు, మ్యాపు జతచేయండి. వీడియో ఒక్కటే పంపితే ఉపయోగం తక్కువ.

పెద్ద గేటెడ్ కమ్యూనిటీ వస్తోంది. పర్యావరణ అనుమతి ఉండాలి కదా?

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించితే 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఉండాలి. అయితే ఫ్యాక్టరీలకు పెట్టినట్టు వీటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టరు. దరఖాస్తు పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ఉంటుంది, అందులో నీళ్లెక్కడివి, మురుగెక్కడికి అన్నది వాళ్లే రాసిచ్చి ఉంటారు. అనుమతి మీద అభ్యంతరముంటే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌కు 30 రోజుల్లో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకుంటారు. ఆపైన తలుపు మూసినట్టే.

నీళ్లు చాలవని రాస్తే పట్టించుకుంటారా?

‘నీళ్లు చాలవు’ అని రాస్తే పట్టించుకోరు. లెక్క రాయండి. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వాలే వాడే ప్రమాణం. 100 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 54,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే రోజుకు 11 ట్యాంకర్లు మీ 30 ఫీట్ల రోడ్డు మీద తిరగాలి. అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది, అంటే 43,000 లీటర్లు. మీ వీధిలో లైను ఎన్ని అంగుళాలది, ఏ సంవత్సరం వేసింది, వానాకాలంలో ఏ మ్యాన్‌హోల్ పొంగుతుంది అన్నవి ఫోటోలతో పెట్టి జలమండలికి, టౌన్ ప్లానింగ్‌కు ఒకేసారి ఇవ్వండి. ఈ లెక్కతో భవనం ఆగదు. లైను మార్చే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మాత్రం కాగితం మీదికొస్తుంది.

కొత్త బోర్లకు 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి కావాలి. రాత్రికి రాత్రే బోరు బండి వస్తే ఆ చట్టం పేరు చెప్పి ఫిర్యాదు చేయొచ్చు.

ఎన్ని సంతకాలు కావాలి?

సంఖ్యకు చట్టంలో విలువేమీ లేదు. సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉండి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంటే చాలు. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే నంబరు వస్తుంది, ఆ నంబరు దాచుకోండి. కార్పొరేటర్‌ను కలవండి. కానీ ఆయన మాటిచ్చాడని లేఖ ఇవ్వడం మానొద్దు.

అభ్యంతరాల్లో రాయకూడనివి?

‘బ్యాచిలర్లు దిగుతారు’, ‘ఎవరెవరో వస్తారు’, ‘మాంసం వండేవాళ్లు వస్తారు’, ‘అద్దెకుండేవాళ్లతో కాలనీ పాడవుతుంది’. మీటింగుల్లో ఈ మాటలు తప్పకుండా వస్తాయి. వాటిని అక్కడే ఆపాలి. అవి రూలు కావు, న్యాయమూ కాదు. మన పిల్లలు బెంగళూరులో, పుణేలో అలాంటి ఫ్లాట్లలోనే అద్దెకుంటున్నారు. ఒక్క వాక్యం అలాంటిది కనిపించినా, మీ కొలతలన్నీ వదిలేసి అవతలి లాయర్ దాన్నే చదువుతాడు. ‘మా ఇంటి రేటు పడిపోతుంది’ అనేది కూడా వద్దు. పక్కన ఫ్లాట్లు వస్తే శివార్లలో గజం ధర పెరగడమే ఎక్కువ, అది అందరికీ తెలుసు.

స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చింది మా పక్కింటి అంకులే. ఆయనతో ఎలా?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. చాలా కాలనీల్లో కథ ఒక్కటే: పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, ఇద్దరు పెద్దవాళ్లకు రెండంతస్తుల ఇల్లు ఊడ్చుకునే ఓపిక లేదు, మెట్లెక్కలేరు. బిల్డర్ వచ్చి సగం సగం అన్నాడు, ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె ఇస్తానన్నాడు. లిఫ్టు ఉంటుంది, వాచ్‌మన్ ఉంటాడు. ఆయన తప్పు చేయలేదు. ఆయన స్థలం ఆయనిష్టం.

కాబట్టి గుంపుగా వెళ్లొద్దు. ఆయనతో చనువున్న ఒకరిద్దరు వెళ్లి, ‘అంకుల్, మీరు ఇవ్వొద్దని చెప్పడానికి రాలేదు. అగ్రిమెంట్‌లో ఎన్ని అంతస్తులని రాశారో చూసుకోండి. అనుమతికి మించి వేస్తే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురం ఉండొచ్చన్న అనుమతి) రాదు, మీ వాటా ఫ్లాట్లూ అందులోనే ఇరుక్కుంటాయి’ అని చెప్పండి. అది నిజం కూడా. ఈ ముక్క అర్థమైన యజమాని బిల్డర్‌ను మనకన్నా బాగా కట్టడి చేయగలడు, ఎందుకంటే సంతకం ఆయనది. ఆంటీని పేరంటాలకు పిలవడం మానేసి ఆయన్ను దారికి తెద్దామనుకునేవాళ్లు కొందరుంటారు. అది చిన్నతనం, పని కూడా జరగదు.

బిల్డర్ ‘కూర్చుని మాట్లాడుకుందాం’ అంటున్నాడు. గుడికి డొనేషన్ ఇస్తాడట.

మాట్లాడండి. డొనేషన్ మాత్రం వద్దు. గుడికో, కమ్యూనిటీ హాలుకో డబ్బు తీసుకున్న సంఘం ఆ తర్వాత నోరెత్తలేదు. అడగాల్సినవి వేరు: లారీలు తిరిగే వేళలు, పాడైన రోడ్డు మళ్లీ వేయడం, డ్రైనేజీ లైను, మీ వైపు బాల్కనీలకు అడ్డుతెర, విజిటర్ల కార్లకు లోపలే చోటు. అన్నీ స్టాంపు పేపర్ మీద, తేదీలతో.

లారీలను అడ్డుకోవచ్చా?

వద్దు. మరుసటి రోజే బిల్డర్ సివిల్ కోర్టులో మీ పేర్లతో, అడ్డుపడొద్దని ఇంజంక్షన్ తెచ్చుకుంటాడు, పోలీస్ స్టేషన్ చుట్టూ మీరు తిరగాల్సివస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోత పెడితే 100కు ఫోన్ చేయండి. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్.

సెల్లార్ తవ్వితే మా గోడలు పగులుతాయేమో?

పగలొచ్చు, ముఖ్యంగా బండ ఉన్నచోట. తవ్వకం మొదలుకాకముందే ఇంట్లో ప్రతి గదీ, ప్రహరీ, సంపు వీడియో తీసి, ఒక ఇంజినీరుతో ఇంటి స్థితి మీద నివేదిక రాయించుకోండి. అది లేకుండా తర్వాత పగులు చూపిస్తే ‘పాత పగులే’ అంటారు. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలపై జీహెచ్ఎంసీ ఏటా నిషేధం పెడుతుంది. జులైలో జేసీబీ దిగితే వెంటనే ఫిర్యాదు చేయండి.

ఐదంతస్తులకు అనుమతి, ఆరోది వేస్తున్నారు.

జీహెచ్ఎంసీ చట్టం సెక్షన్ 452 కింద నోటీసు ఇవ్వమని, ఫోటోలతో లేఖ ఇవ్వండి. స్లాబు పడకముందు, సెంట్రింగ్ కర్రలు కడుతున్నప్పుడే ఇవ్వాలి. నిర్మాణంలో 10 శాతం కార్పొరేషన్‌కు తనఖాలో ఉంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. కాబట్టి రెండో లేఖలో ‘ఆక్యుపెన్సీ ఇవ్వొద్దు, తనఖా విడిపించొద్దు’ అని రాయండి. ఆ సర్టిఫికెట్ లేకుండా నీళ్లు, కరెంటు కనెక్షన్లు ఇవ్వకూడదని కూడా ఇందాక చెప్పిన 2024 తీర్పులోనే ఉంది.

కోర్టుకు వెళ్లాలా?

లేఖలకు జవాబు రానప్పుడు హైకోర్టులో రిట్ వేయొచ్చు. ‘పక్కింటివాడికేం సంబంధం’ అన్న వాదన ఎప్పుడో తేలిపోయింది. ఉడుపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలు కడుతుంటే అక్కడి నివాసి వేసిన కేసులో, 1974లోనే సుప్రీంకోర్టు ఆ హక్కును ఒప్పుకుంది. నోయిడా జంట టవర్ల సంగతి అందరూ చెబుతారు. అక్కడ పోరాడింది ఆ ప్రాజెక్టులోనే ఫ్లాట్లు కొన్నవాళ్లు. గెలిచిన అంశాల్లో ఒకటి రెండు భవనాల మధ్య ఉండాల్సిన దూరం, అంటే మళ్లీ మీటర్లే. తీర్పు 2021 ఆగస్టులో, కూల్చివేత 2022 ఆగస్టులో. అంతకుముందు ఏళ్ల తరబడి కేసు నడిచింది.

కోర్టు మొదట అడిగేది ‘ఇన్నాళ్లూ ఏం చేశారు?’ అని. ముద్ర పడిన పాత లేఖలే దానికి జవాబు. బిల్డర్ ముందే కేవియట్ వేసి ఉంటాడు, కాబట్టి అతని వాదన వినకుండా స్టే వస్తుందని ఆశపెట్టుకోవద్దు. ఖర్చుకు ఇంటింటికీ ఎంత అన్నది కేసు వేయకముందే తేల్చుకోండి, మధ్యలో చందాలు అడిగితే సంఘం చీలిపోతుంది.

మాది ఆంధ్రప్రదేశ్. ఇవన్నీ వర్తిస్తాయా?

రెరా, సమాచార హక్కు, పర్యావరణ అనుమతి, సుప్రీంకోర్టు తీర్పులు వర్తిస్తాయి. భవన నియమాలు వేరు. అక్కడ 2017 నాటి జీవో 119, దాని సవరణలు చూడాలి. విశాఖ, విజయవాడ శివార్ల వాళ్లు పైన చెప్పిన మీటర్లను అలాగే తీసుకెళ్లి అర్జీలో పెట్టొద్దు.

నేను అమెరికాలో ఉంటాను, కాలనీలో ఇల్లుంది. ఏం చేయగలను?

ఫిర్యాదు ఈమెయిల్‌లో పంపొచ్చు, రెరా, పరివేష్ పత్రాలు వెతకడం అక్కడినుంచే చేయొచ్చు. ఇక్కడివాళ్లకు సమయం చాలని పని అదే. కేసులో చేరాలంటే ఇక్కడున్న ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. సమాచార హక్కు అర్జీ మాత్రం భారత పౌరులకే. మీకు అక్కడి పౌరసత్వం వచ్చి ఓసీఐ కార్డు మీద ఉంటే, అర్జీ కాలనీలో ఇంకెవరి పేరుతోనైనా వేయించండి.